అంగూరు తొక్కిన కాళ్లు

నేను బడి మానేసిన నాడు మా పంతులు ఇంటింటికి బెల్లం పంచిండని మా ఊర్ల ఒక మాట ఉన్నది. అది అబద్ధం. ఆయన పిసినారి మనిషి. బెల్లం పంచలే, తూర్పుకు తిరిగి ఉత్త చేతులతోనే దండం పెట్టుకున్నడు. గసువంటి నేను ఇయ్యాల కాయితం ముందట పెట్టుకొని కూసున్న. ఒత్తు ఎక్కడ పెట్టాలెనో నాకు ఇప్పటికీ తెల్వదు కాబట్టి అనుమానం వచ్చిన చోటల్ల పెడుత. చదివేటోళ్లు ఎక్కువైనయి ఏరి పారేసి, మిగిలింది చదువుకోండ్రి.

ఈ పనికి నన్ను దించింది ఒక గాసునూనె సీసా.

మొన్న నాగర్‌కర్నూల్ బజార్ల దీపానికి గాసునూనె కొన్న. దుకాణపాయన పాత సీసాల పోసి ఇచ్చిండు. చేతికి తీసుకోంగనే గుర్తుపట్టిన. నడుము లావు, మెడ పొట్టి, అచ్చం నా లెక్కనే ఉంటది. గా మెడల్ల బిరడాలు కొట్టుకుంటనే నా పడుచుతనం గడిచిపోయింది. సీసా మీద అంటించిన కాయితం సగం లేసిపోయింది గని బొమ్మ మిగిలింది. పాన్‌గల్ గుట్ట, గుట్ట కింద అంగూరు తోట, తోట నడుమ దొర మేడ, మేడ మీద పట్నంల షరాబుకు ఇనాముగ ఇచ్చిన బిళ్ల.

"ఏం షరాబు అనుకున్నవ్?" అన్నడు దుకాణపాయన, తను తాగినట్టే పెదవులు చప్పరించుకుంట. "పాన్‌గల్ ఎర్రది అంటె తెల్లదొరలు సుత చెయ్యి చాపేటోళ్లట. మనిషి పోయిండు, కార్ఖానా పోయింది, పేరు చూడు ఎట్ల నిలిచిందో."

నేను సీసాను కండ్లకు దగ్గరగ పెట్టుకొని చూసిన. గుట్ట ఉన్నది. తోట ఉన్నది. మేడ కిటికీలు సుత ఉన్నయ్.

"ఏం దేవులాడుతున్నవ్?" అన్నడు.

"కాళ్లు" అన్న.

ఆయన నా దిక్కు ఒకసారి, సీసా దిక్కు ఒకసారి చూసిండు. గాసునూనె వాసనకే నిషా ఎక్కే మనిషిని ఇప్పుడే చూస్తున్న అన్నట్టు పక్కనున్నామెకు ఉప్పు కొలవబోయిండు.

ఆ కాళ్లు ఎవరివో ఆమె పేరు నేను రాయను. ఆమె బిడ్డ గద్వాలల బతికున్నది, అత్తగారి ఇంట్ల నేస్తున్నది. కార్ఖానాల మేమంత ఆమెను అక్కా అనేటోళ్లం. ఆమె అటు తిరగంగనే ఊరంత ఎర్రకాళ్లది అనేది. ఆమె సచ్చిపోయి ఇంక ఏడు తిరగలే.

ఆమె గద్వాల నేతోళ్ల పిల్ల. బిడ్డ ఒడిల ఉండంగనే మొగడు సచ్చిపోయిండు. మొగోడు లేనిది మగ్గం మీద ఒక్కతే ఏం నేస్తది, ఎవరికి నేస్తది? అన్న ఇంటికి చేరింది. అన్న మంచోడే. "పిల్లను నేను సాదుత, నువ్వు ఎక్కడన్న బతుకు" అన్నడు. గంత మంచోడు. ఆమె కృష్ణ దాటి, అడుక్కుంట అడుక్కుంట పాన్‌గల్ వచ్చి దొర తోటల కలుపు తీసే పనికి కుదిరింది.

అప్పటికి దొర షరాబుకు పేరు లేదు. అంగూర్లు తొక్కెటందుకు దుక్కల్లాంటి మొగోళ్లను పెట్టిండు. వాళ్లు దొర మీద ఉన్న కోపం అంత పండ్ల మీద చూపిచ్చిండ్రు. గింజ పలిగి షరాబు చేదెక్కింది. పట్నంకు పోయిన పీపాలు పోయినట్టే తిరిగొచ్చినయ్. దొర వాళ్లను ఎల్లగొట్టి, కలుపు తీసే ఆడోళ్ల దిక్కు చూసి "ఎవరన్న దిగుతరా?" అని అడిగిండు. ఆమె దిగింది.

ఆమె తొక్కుడు చూడాలె. రాతి తొట్టి, పైన దూలానికి ఒక మోకు. మోకు పట్టుకొని మోకాళ్ల దాక నల్ల అంగూర్లల్ల నిలబడి, ఈ కాలు దిగంగనే ఆ కాలు లేసేది. మగ్గం గుంతల పెరిగిన కాళ్లు అవి. నూలు తెగకుండ ఎంత బరువు ఎయ్యాలెనో వాటికి తెలుసు. తోలు పలిగేది, గింజ పలిగేది కాదు. ఆ ఏటి నుంచే పాన్‌గల్ ఎర్రది అని పేరు పడ్డది. ఆ పేరు పడ్డంక దొర ఇంకొకల్ల కాలును తొట్టిల పెట్టనియ్యలే.

"నేను జీతం ఇచ్చేది నీ కాళ్లకు" అని నవ్వేటోడు. దొర నవ్వితే మేమూ నవ్వాలె. ఆమె మాత్రం నవ్వకపోయేది. చీర కుచ్చిళ్లు కిందికి గుంజుకునేది.

సాయంత్రం తొట్టి దిగితే ఆమె కాళ్లు అప్పుడే తోలు తీసిన మేక కాళ్ల లెక్క ఉండేటివి. మాఘం చివర మొదలైన కాత చైత్రం దాక నడిచేది. వానలు పడ్డంక ఆ ఎరుపు ఇటుక రంగుకు దిగేది. మడిమల పగుళ్లల్ల, గోర్ల సందుల మాత్రం పోకపోయేది. అది పూర్తిగ పోయేలోపల చెట్లు మళ్లా కాసేటివి.

మా దిక్కు ఎర్రకాళ్లు ఎవరికి ఉంటయో మీకు తెల్వంది కాదు. పెండ్లికూతురికి ఉంటయ్. మొగడున్న ఆడది పండుగకు పెట్టుకుంటది. మొగడు సచ్చినామెకు ఉంటే ఊరు దానికి అర్థాలు తీస్తది, ఒక్కటి సుత మంచి అర్థం తియ్యదు.

అందుకే ఆమె బాట నడుమ నడవకపోయేది. అంచున దుమ్ము మెత్తగ ఉన్న చోట చూసుకొని కాళ్లు ఈడ్చుకుంట నడిచేది, దుమ్ము పట్టి రంగు దాగాలెనని. కూసుంటే కాళ్లు కింద ఏసుకొని పిట్ట గుడ్ల మీద కూసున్నట్టు కూసునేది. బాయి కాడికి అందరు పోయి వచ్చినంక పోయేది. గుడి మెట్ల దాక వచ్చి, చెప్పులు లేకున్న చెప్పులు ఇడిసేటోళ్ల ఎనక నిలబడి, అక్కడి నుంచే మొక్కేది.

నాతోని మాత్రం మాటకు మాట. ఒకసారి అడిగిన, "అక్కా, గింత తొక్కుతవ్, ఒక్క గుక్కన్న తాగి చూసినవా?"

"నేనెందుకు తాగుత? నా కాళ్లు తాగుతయ్" అన్నది. "ఒక ఇంట్ల ఒక్కలు తాగితే చాలు తమ్మీ."

ఏటేటా వానలు పడ్డంక, నేను బిరడాలు కొట్టే అర్ర గడప కాడికి వచ్చి, అటు ఇటు చూసి, కుచ్చిళ్లు జర లేపేది.

"తమ్మీ, ఎట్లున్నయ్?"

"తగ్గినయ్ అక్కా. ఉగాదికి పెండ్లికూతురివి, ఇప్పుడు బాలింతవు."

"నీ నోరు కాల" అని చేతికందిన బిరడా నా మీదికి ఇసిరేది. తరువాత గొంతు తగ్గించి అడిగేది. "గద్వాల పోవచ్చునా మరి?"

ఆమె అడిగేదంత గా మాట కోసమే. రంగు తగ్గినంకనే బిడ్డను చూసుడు. అది ఆమె అన్న పెట్టిన కట్టడి. నేతోళ్ల వీధిల ఆయన పరువు ఆయనకు ఉన్నది. చెల్లె పాన్‌గల్ దొర పూలతోట చూస్తదని చెప్పుకున్నడు. పూలతోట చూసే మొగడు సచ్చినామె ఎర్రకాళ్లతోని వస్తే ఏం చెప్పుకుంటడు? అందుకని ఏడాదికి ఒకసారి, చలి మొదలైనంక, పోయి బిడ్డను చూసి వచ్చేది. వచ్చినంక కొన్ని దినాలు తొట్టి కడుక్కుంట తనల తను మాట్లాడుకునేది. "పొడుగైంది. నా అంత అయింది. పోగు అతుకుతున్నది. అతికిన తావు కనబడదు."

గా బిడ్డకు సంబంధం కుదిరింది. గద్వాలలనే, తమ కులపోళ్లే, మంచి మగ్గాలున్న ఇల్లు. పిల్లగాని తండ్రి మాట మీద నిలబడే మనిషి అని పేరు. అన్న కబురు పంపిండు. ఫాల్గుణంల ముహూర్తం. కాళ్లు బాగ చేసుకొని రా. లేకుంటే రాకు.

ఫాల్గుణం అంటె కాత నడిమధ్య.

ఆమె దొర దగ్గరికి పోయింది. ఎన్నడూ ఏదీ అడగనామె. నేను సీసాల లెక్క చెప్పెటందుకు అక్కడనే నిలబడి ఉన్న.

"దొరా, ఈ ఒక్క కాతకు ఇంకెవరినన్న పెట్టుండ్రి. బిడ్డ పెండ్లి ఉన్నది."

"చెట్లకు చెప్పినవా?" అన్నడు దొర. "నీ బిడ్డ పెండ్లి అయిందాక కాయొద్దని?"

"కాళ్లకు గుడ్డ చుట్టుకొని తొక్కుత దొరా."

"గుడ్డ వాసన పడుతది. నీకు గుడిసె ఇచ్చింది ఎందుకు?"

మాట అయిపోయింది. గుడిసె పోతే ఆమెకు ఈ భూమ్మీద నిలబడే జాగ లేదు. అన్న ఇంట్ల అడుగు పెట్టనియ్యడు. పెండ్లికి పోయే ముందటి దినం పొద్దు గూకే దాక తొక్కింది. దిగినంక ఇటుకపొడి, కొబ్బరిపీచు, కుంకుడు నురగ పెట్టుకొని రుద్దుడు మొదలుపెట్టింది. రుద్దంగ రుద్దంగ పైతోలు పొరలు పొరలు లేసింది. లోపల సుత ఎర్రగనే ఉన్నది. అది రంగో నెత్తురో నాకు తెల్వలే, అడగలే.

దొర ఒక్కదినం సెలవిచ్చిండు. ఆయన బండి గద్వాలకు సీసాలు తీసుకపోతుండె. నేను తోలుకపోవాలె. ఆమె గడ్డిల కాళ్లు దాచుకొని సీసాల నడుమ కూసున్నది. తొవ్వ పొడుగున ఒకటే మాట.

"నేను పందిట్లకు రాను తమ్మీ. ముందట పడను. లోపల అర్రల ఉంట. తలంబ్రాలు పోసుకునేటప్పుడు తలుపు సందుల నుంచి చూస్త. తలుపు సందు నుంచి చూస్తె ఎవరికి నష్టం? చెప్పు."

"ఎవరికి లేదు. తలుపుకు సుత లేదు."

"గంతే గద."

కృష్ణ ఒడ్డుకు చేరేసరికి తెల్లారింది. నది దాటించే పెద్ద పుట్టి అవతలి ఒడ్డున ఉన్నది, వచ్చేదాక ఆగాలె. ఆమె దిగి చీర కొంగుల నుంచి ఒక మూట తీసింది. సౌడు మట్టి.

"ఇదెందుకు అక్కా?"

"నూలును ఏం చేస్తం? మురికి ఉండని, నూనె ఉండని, మరక ఉండని, సౌడు నీళ్లల్ల ఉడకబెడుతం. మా నాయిన గట్లనే చేస్తుండె. దానికి ఆగే రంగు లేదు."

రాళ్లు పెట్టింది, కుండ ఎక్కించింది. నీళ్లు మరిగినంక సౌడు కలిపి, జర చల్లారనిచ్చి, పూర్తిగ చల్లారకముందే కాళ్లు పెట్టింది. మగ్గం మీద పెరిగిన మనిషి, తన కాళ్లను నూలు అనుకున్నది. పెదవి కొరుక్కొని నది దిక్కు చూసుకుంట కూసున్నది.

తీసి చూస్తే ఎరుపు లేదు. ఊదా అయింది. మేం చూస్తుండంగనే ఊదా నీలం అయింది. నీలం మీద నలుపు తిరిగింది. పాము కరిసి సచ్చినోని కాళ్లు ఎట్లుంటయో గట్ల.

నేను బిత్తరపోయిన. బిత్తరపోతే నాకు నోరు ఊరుకోదు. "ఇప్పుడు నువ్వు నడిచొచ్చిన కృష్ణునివి అక్కా. పిల్లనగ్రోవి ఒక్కటే తక్కువ."

ఆమె నది నీళ్లల్ల కడిగింది. నలుపు పోలే. మళ్లా కడిగింది. కడిగి కడిగి, ఒక్కసారిగ నవ్వింది.

"నల్లగైతే ఏమాయె? ఎరుపు గాదు గద! నల్లకాళ్ల ముండమోపిని ఎవరేమంటరు?"

నిజమే అనిపించింది నాకు. ఆమె అంత హాయిగ నవ్వుడు నేను అంతకుముందు చూడలే. బండిని సుత పుట్టిల ఎక్కించి, ఎద్దులను ఈదించుకుంట దాటినం. పుట్టి తోలెటాయన ఆమె కాళ్లు చూసి, అవతలి అంచుకు జరిగి కూసున్నడు. మేం నవ్వుకుంటున్నం, అది పట్టించుకోలే.

గద్వాలల అన్న ఇల్లు పందిరితోని పచ్చగ ఉన్నది. అన్న ఎదురొచ్చి ముందుగ కాళ్లనే చూసిండు. నల్లగ కనబడంగనే ఊపిరి ఇడిసిండు. "ఎనక దొడ్లె ఉండు" అన్నడు. వదినె వచ్చి పెద్ద గిన్నె ముందర పెట్టి "పులిహోరకు చింతపండు పిసుకు" అన్నది. నాకు బాయి నీళ్లు తోడే పని చెప్పిండ్రు. దొడ్డి తలుపు సందుల నుంచి పందిరి కనబడుతున్నది. ఆమె ఆ సందుకు ఎదురుంగ కూసొని పిసుకుతున్నది.

పిసుకుతుంటే పులుసు చుక్క పాదం మీద పడ్డది. పడ్డ తావు గవ్వంత మేర ఎర్రగ అయింది.

ఆమె చూసింది. నేను చూసిన. నలుపు నడుమ పచ్చి ఎరుపు, కొత్త పారాణి లెక్క.

"చూసినవా?" అన్నది మెల్లగ.

"చూసిన."

"ఎవరితోని అనకు." చీర దాని మీదికి గుంజుకొని గిన్నెను చేతిదూరం జరిపి పెట్టింది. పులుపు తగిలితే ఆ రంగు మళ్లా వస్తదని ఆ ఇంట్ల మా ఇద్దరికే తెలుసు.

పందిట్ల పెండ్లికొడుకును కూసోబెట్టిండ్రు. పిల్లను తెచ్చి కూసోబెట్టిండ్రు. ఆమె లేసి తలుపు సందు కాడ నిలబడ్డది. నిలబడంగ చీర అంచు జర లేసింది. అప్పుడే పెండ్లికొడుకు మేనత్త చేతులు కడుక్కోవాలెనని దొడ్లెకు వచ్చింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నది. మళ్లా కిందికి చూసింది. తరువాత ఆమె ఏసిన కేక గద్వాల కోట దాక ఇనబడి ఉంటది.

"అయ్యో! పెద్దరోగం! ఈ ఇంట్ల కుష్టు ఉన్నదిరో! మనల ముంచిండ్రు!"

వాయిద్యాలు ఆగినయ్. పిల్లగాని తండ్రి లేసి వచ్చి దొడ్డి తలుపు బార్ల తెరిచి, ఆమె కాళ్లు చూసి, ఎనక్కి తిరిగి కొడుకుతోని "లే" అన్నడు.

"రోగం గాదు బావా! నిప్పుల కాలింది" అని అన్న అడ్డం పడ్డడు.

"కాలితే పుండు అయితది. ఈ రంగు అయితదా? తల్లికి ఉన్నది బిడ్డకు రాదా? నేను అడిగితే ఏం చెప్పినవ్? పూలతోట, దొర మేడ. రోగం దాచి మాకు అంటగడుతవా?"

పెండ్లికొడుకు లేసి నిలబడ్డడు. నొసటి బాసింగం ముడి మీద చెయ్యి పెట్టిండు. పిల్ల పీట మీద తల వంచుకొని గట్లనే కూసున్నది. ఆ బాసింగం విప్పితే ఆ పిల్ల బతుకు ఏమైతదో అక్కడున్న అందరికీ తెలుసు. పెద్దరోగం ఇంటిపిల్ల అని పేరు పడితే గద్వాల గాదు, కృష్ణకు అటూ ఇటూ ఎవడూ గడప ఎక్కడు.

ఆమె వంగి చింతపండు గిన్నె ఎత్తుకున్నది. దొడ్డి తలుపు దాటి, నేను రాను అని తొవ్వ పొడుగున ఒట్టుపెట్టుకున్న పందిట్లకు వచ్చింది. బిడ్డ పీట ముందట నిలబడ్డది. ఇన్నేండ్లు ఎవరికి కనబడనియ్యని కాళ్లు, కుచ్చిళ్లు పిక్కల దాక లేపి చూపించింది.

"అందరు చూడుండ్రి" అన్నది.

పోసింది. ఒక కాలు మీద, ఇంకొక కాలు మీద, గిన్నె ఒడిసిందాక. నలుపు కరిగింది. దాని కింది నుంచి ఎరుపు పైకి వచ్చింది.

పిల్లగాని తండ్రి మేనత్త దిక్కు చూసిండు. "ఏలు పెట్టి చూడు."

ఆమె భయపడుకుంట ఏలు పెట్టి తుడిచింది. ఏలుకు రంగు అంటింది. "రోగం గాదు" అన్నది మెల్లగ. మరుక్షణమే గొంతు లేసింది. "మరి ముండమోపికి పారాణి ఏందే? ఎవనికోసం పెట్టుకున్నవే?"

"పారాణి గాదమ్మా. అంగూరు రంగు" అన్నది ఆమె. "నేను పాన్‌గల్ దొర షరాబుకు అంగూర్లు తొక్కుత. పూలతోట లేదు, ఏం లేదు. మా అన్నకు పరువు కావాలె, అందుకని గట్ల చెప్పిండు. నన్ను ఏమన్న అనుకోండ్రి, పడుత. నా ఒంట్ల రోగం లేదు. నా బిడ్డ ఒంట్ల లేదు. అది ఒక్కటి నమ్మి తాళి కట్టనియ్యండ్రి."

పిల్లగాని తండ్రి ముందటికి వచ్చిండు. మాట మీద నిలబడే మనిషి అని చెప్పిన గద. మాట గట్లనే చెప్పిండు.

"పిల్లను చేసుకుంటం. కాని ఈమె మా గడపకు రావొద్దు. పిల్ల ఈమె గడపకు పోవొద్దు. సచ్చినా, బతికినా. దీనికి ఒప్పుకుంటే ముహూర్తం నడిపిస్తం."

అందరు అన్న దిక్కు చూసిండ్రు. "ఒప్పుకున్న" అన్నది ఆమె.

నేను పెండ్లికూతురి దిక్కు చూసిన. తల్లి ఎదురుంగ నిలబడి ఉన్నది, ఊరంత తల్లిని చూస్తున్నది. ఆ పిల్ల వంచిన తల ఒక్కసారన్న ఎత్తలే.

ఆమె గిన్నె కింద పెట్టింది. ముగ్గు మీద కాలు పడకుండ పక్కకు జరిగి, బయటికి నడిచింది. నేను ఎనక పోయి బండి కట్టిన. వీధి చివరికి వచ్చేసరికి వాయిద్యాలు ఒక్కసారిగ జోరు అందుకున్నయ్. ఆమె బండి ఆపుమన్నది. జోరు తగ్గినదాక చెవి అటే పెట్టి కూసున్నది.

"కట్టిండు" అన్నది.

"కట్టిండు అక్కా."

"పా. పండు మురిగిపోతది."

అంతే. మరునాడు తొట్టిల ఉన్నది. ఆ ఏటి షరాబుకే పట్నంల బిళ్ల వచ్చింది. దొర మాకందరికి మిఠాయి పంచి, బిళ్లను సీసా బొమ్మల ఎక్కించిండు.

ఆనాటి నుంచి ఆమె కాళ్లు దాచుకునుడు మానేసింది. బాట నడుమ నడిచింది. అరుగు మీద కూసొని కాళ్లు చాపింది. ఆడోళ్లు మొకం తిప్పుకుంటే తిప్పుకోనిచ్చింది. వానలు పడ్డంక నా గడప కాడికి వచ్చి ఎట్లున్నయ్ అని అడుగుడు సుత మానేసింది. నేను ఒకటి రెండు సార్లు నేనే చూసి చెప్పబోయిన. ఇనలే.

దొర పోయిండు. కొడుకుకు షరాబు మీద మనసు లేదు. చెట్లు పీకించి పల్లికాయ ఏసిండు. పీపాలు పలకలు ఊడదీసి అమ్మిండు. తొట్టిల ఎద్దులకు కుడితి పోసిండ్రు. మేమందరం తలా ఒక దిక్కు చెదిరినం. ఆమె గుడిసెల ఉండనిచ్చిండ్రు, కల్లం ఊడ్చే పనికి. తొక్కుడు లేదు కాబట్టి రంగు ఏటికేడు దిగింది. ఒకనాడు నేను చూడబోతే మడిమ పగుళ్లల్ల సుత లేదు.

"అక్కా, దొరసాని కాళ్ల లెక్క అయినయ్. పా, గద్వాల పోదాం. నీకు మనుమరాలు పుట్టిందట."

"మాట ఇచ్చిన గద."

"మాట ఇచ్చింది ఎర్రకాళ్లది. నువ్వు ఇప్పుడు ఆమెవు గాదు."

"దొర కాళ్లకు జీతం ఇచ్చిండు. మాట నోరు ఇచ్చింది తమ్మీ" అన్నది. అని, చీపురు తీసుకొని కల్లం దిక్కు పోయింది. మనుమరాలు ఎవరి పోలిక అని అడగలే. అడిగినా చెప్పెటందుకు నాకూ తెల్వదు.

జొన్నలు దొరకక ఊర్లకు ఊర్లు ఎండిన ఏడు ఆమెకు జ్వరం తగిలింది. కడుపుల ఏం లేని ఒంటి మీద జ్వరం ఎక్కువసేపు కష్టపడలే. మోసెటందుకు నలుగురు దొరుకుడే కష్టమైంది. బిడ్డకు కబురు పెట్టుమని ఆమె చెప్పలే. వద్దనీ చెప్పలే. మట్టి ఏసి వచ్చినంక నేనే పుట్టి ఎక్కి గద్వాల పోయిన.

బిడ్డ అత్తింటి పెద్దాయన అప్పటికి లేడు. కోడలు మగ్గం గుంతల కూసొని నేస్తున్నది. నన్ను గుర్తుపట్టి "రా మామా" అన్నది. చేతులు ఆగలే. నేను చెప్పిన. చేతులు ఆగినయ్. ఏడుస్తదని చూసిన. ఏడ్వలే. తెగిన పోగు ఏదన్న ఉన్నదా అన్నట్టు పడుగు దిక్కే చూస్తున్నది.

నాకు వచ్చిన తొవ్వంత పండ్లు కొరుక్కున్న కోపం ఉండె. నవ్వులాటకు చెప్పినట్టే చెప్పిన గని, నా మాటలు నాకే కరుకుగ ఇనబడ్డయ్.

"మీ మామ పెట్టిన కట్టడి గట్టిదే బిడ్డా, నువ్వు పాటించుడు అంతకన్న గట్టిది. కృష్ణ ఒక్కటే అడ్డం, అది ఎండకాలం మోకాలు లోతు సుత ఉండదు. ఒక్కసారన్న రాకపోతివి. అది సరే, ఆనాడు సుత, పందిట్ల మీ అమ్మ నీ ముందట నిలబడి గంత పని చేస్తుంటే, మొకం ఎత్తి చూడకపోతివి గద."

ఆమె అప్పుడు నా దిక్కు తిరిగింది.

"మొకం ఎత్తకనే చూసిన మామా. మీరందరు నిలబడి రంగు చూసిండ్రు. నేను తల వంచుకొని కూసున్న, నా కండ్ల ముందట ఉన్నయే ఆమె కాళ్లు. తోలు లేసిన కాళ్ల మీద పులుసు పడంగనే ఆ వేళ్లు ఎట్ల ముడుసుకపోయినయో, మీల ఒక్కలన్న చూసిండ్రా?"